పెదవులు కలవని పేజీలు

సువర్చల చేసింది అక్కకి నోరు. దాన్ని ఊరి మీద చెవిగా మార్చింది జోగారావు. ఆ సంగతి ఆమె ఎవరికి చెప్పుకున్నా, "అయితే మాత్రం? చేసింది నువ్వేగా!" అని మొహమ్మీదే అనేవాళ్ళు. అక్క అరుంధతి అయితే రోజూ అనేది. అదీ చెల్లెలు చేసిచ్చిన నోటితోనే.

అరుంధతి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. వరండాలో ఆవిడ గొంతు వినపడితే ఆటస్థలంలో పిల్లలు కూడా సర్దుకునేవాళ్ళు. అలాంటి గొంతులో కేన్సరొచ్చింది. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇంటికొచ్చిన అక్క కావలసిందల్లా పలక మీద రాసి చూపిస్తుంటే సువర్చలకి ప్రాణం ఉసూరుమనేది. ఆమె కాకినాడలో ఒక పరిశోధనశాలకి పెద్ద. మాట ఎలా పుడుతుందన్నదే ఆమె చదువు. అక్కని ఎదురుగా కూర్చోబెట్టి, పెదవుల మీద చిన్న కెమెరా పెట్టి, నెలల తరబడి పుస్తకాలు చదివించింది. పెదవి ఎలా కదిలితే ఏ మాటో యంత్రం నేర్చుకుంది. ఆ తరవాత అక్క శబ్దం లేకుండా పెదవులు ఆడిస్తే చాలు, మెడలో వేలాడే డబ్బీ ఆ మాటల్ని అక్క పాత గొంతుతోనే బయటికి అనేది. దానికి పలుకు అని పేరు పెట్టారు.

పలుకుతో అక్క అన్న మొదటి మాట, "ఏమే, ఈ కాఫీలో పంచదార వెయ్యలేదేం?" సువర్చల పంచదార డబ్బా కోసమని వంటింట్లోకి వెళ్ళి, కరువుతీరా ఏడ్చి వచ్చింది.

కథ అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది!

ఒక మధ్యాహ్నం అక్క డబ్బీ ఆపడం మరిచిపోయి వారపత్రిక పట్టుకుని కూర్చుంది. లోపల్లోపలే చదువుకుంటోంది. డబ్బీ ఉన్నట్టుండి సీరియల్ని పైకి చదవడం మొదలుపెట్టింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పగలబడి నవ్వుకున్నారు. మౌనంగా చదివేటప్పుడు కూడా పెదవులు ఊరుకోవు, కంటికి కనపడనంత చిన్నగా కదులుతూనే ఉంటాయి. ఆ కదలిక పలుకుకి కనపడుతోంది! సువర్చల లాబ్‌లో గుమాస్తాని చదివించి చూసింది, వాచ్‌మన్‌ని చదివించి చూసింది. యంత్రం నేర్చుకున్న అక్క పెదవుల నమూనా అందరికీ సరిపోయింది. ఆమె ఉబ్బితబ్బిబ్బై వ్యాసం రాసేసింది, సభల్లో చదివేసింది. శాలువా కూడా కప్పించుకుంది. బుద్ధున్న మనిషి చెయ్యాల్సిన పనేనా అది?

ఆ ఏడే సర్కారు సత్పఠన సమితి పెట్టింది. జనం మనసులు చెదరగొట్టే పుస్తకాలకి వాళ్ళు పెట్టిన పేరు 'కలత పుస్తకాలు'. వాటిని అమ్మకూడదు, అచ్చెయ్యకూడదు. సరే, ఇళ్ళల్లో పాత ప్రతులున్నాయి, గ్రంథాలయాలకి చదువుకోడానికి తెచ్చుకునేవాళ్ళున్నారు, వాళ్ళని పట్టేదెలా? సమితి అధ్యక్షుడు జోగారావుకి సువర్చల వ్యాసం దొరికింది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది, పలుకు సమితి సొత్తయిపోయింది. రేవు దగ్గరి గ్రంథాలయంలో ప్రతి బల్ల మీదా సిరాబుడ్డి అంత పెట్టె ఒకటి వెలిసింది. ఎవరు ఏం చదువుతున్నా దానికి తెలిసిపోతుంది. సువర్చల ఒక్క విషయంలో మాత్రం మొండికేసింది. అక్క నమూనా లాబ్ దాటి బయటికి పోనివ్వనంది. ప్రతి పెట్టే ప్రతి మాటకీ లాబ్‌లో ఉన్న నమూనానే అడగాలి, తన దగ్గర ఏమీ దాచుకోకూడదు. అక్క మెడలో డబ్బీకీ అదే పద్ధతి. జోగారావు నవ్వి ఒప్పుకున్నాడు. అతను దేనికైనా నవ్వే ఒప్పుకుంటాడు, అదే అతనితో వచ్చిన చిక్కు.

మొదటి నోటీసు ఎవరికొచ్చిందనుకున్నారు? అరుంధతికే.

జాలర్ల వాడని ఖాళీ చేయించి ఓడరేవు కట్టిన కథ ఒకటుంది, పాత నవల. ఆవిడ దాన్ని ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠం చెప్పింది. అది కలత పుస్తకాల్లో చేరింది. ఆవిడ తన ఇంట్లో, తన పడకకుర్చీలో కూర్చుని చదువుకుంటే మెడలో డబ్బీ సమితికి చెప్పేసింది.

"నా నోరే నామీద చాడీలు చెబుతోందా?" అక్క నోటీసుని చింపి చెల్లెలి ఒళ్ళోకి విసిరింది. "ఇదేనా నువ్వు నాకు చేసిన ఉపకారం?"

"నేను చెప్పానా అక్కా చాడీలు చెప్పమని?"

"వద్దని చెప్పావా? శాలువా కప్పుకునేటప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

అక్క కాసేపు రుసరుసలాడి, గుమ్మంలోకి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది. క్లాసులో ఏదో తమాషా తోచినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉండేదో అలా ఉంది.

"ఒకటి చెప్పు. నీ యంత్రం మాటని ఎక్కడ పట్టుకుంటుంది?"

"పెదవులు రెండూ కలిసిన చోట. ప, ఫ, బ, భ, మ. అక్కడ పట్టు దొరికితే ముందూ వెనకా అల్లుకుంటుంది."

"పట్టు దొరక్కపోతే?"

"కొట్టుకుపోతుంది. అయినా ఆ అక్షరాలు లేకుండా తెలుగెక్కడుంది?"

"నీకు తెలుగు చెప్పింది ఎవరే? నన్ను తిట్టిపోస్తారు," అంది అక్క. "నిరోష్ఠ్యం అని ఎప్పుడైనా విన్నావా? పూర్వం పండితులు పందేలు కట్టి మరీ రాసేవాళ్ళు. చదువుతుంటే పెదవికి పెదవి తగలకూడదు. నేను ఆ నవల మొత్తం అలా తిరగరాస్తాను. రోజుకో పేజీ. చూద్దాం నీ సిరాబుడ్డి ఏం తాగుతుందో."

అలా మొదలైంది. కోపంతో మొదలైన మాట నిజమే గానీ, వారం తిరిగేసరికి అక్కకి అదొక పిచ్చి పట్టుకుంది. సముద్రం అనడానికి వీల్లేదు, కడలి అనాలి. పడవ పనికిరాదు, నావ. అమ్మ లేదు, తల్లి ఉంది. పోలీసులు ఖాకీలయ్యారు, ప్రభుత్వం సర్కారయింది. "అయ్యో, చేప!" అని ఒకరోజు కంచం ముందు నెత్తి కొట్టుకుంది. చేప అనకుండా జాలర్ల కథ ఎలా చెబుతారండీ? మీను అన్నా చిక్కే. పూటంతా కూరలో చెయ్యి కదపకుండా ఆలోచించి, చివరికి "వలకి చిక్కినవి!" అనేసి, లేచి వెళ్ళి రాసుకుంది. గొంతు పోయాక ఆవిడ అంత సంతోషంగా ఉండటం సువర్చల చూడలేదు. తయారైన పేజీ ఇలా ఉండేది:

"కడలి ఆ రోజు కోడల్లా అలిగింది. నావలన్నీ ఒడ్డెక్కాయి. వలలు ఎండలో ఆరాయి. సర్కారు వారి జీతగాళ్ళు కర్రలు తీసుకుని వచ్చి, ఈ ఇసుక ఇక ఓడల వాళ్ళది అన్నారు. అలలు ఎవరివిరా అని అడిగింది జాలరి తల్లి."

పేజీ పూర్తవగానే అక్క లాబ్‌కి వచ్చి కెమెరా ముందు చదివేది. యంత్రం గుటకలు మింగి ఊరుకునేది. అక్క నోరంతా తెరిచి నవ్వేది. ఆ పేజీలకి నకళ్ళు తీసి గ్రంథాలయంలో పాత వారపత్రికల మధ్య పెట్టి వచ్చేది. జనానికి తెలియడానికి ఎన్నాళ్ళు పడుతుంది? వరసగా వచ్చి చదువుకుని పోతున్నారు. ప్రభుత్వాసుపత్రి నర్సు దేవకరుణ మధ్యాహ్నం అన్నం మానుకుని మరీ వచ్చేది. వాళ్ళ తాతల జాలర్ల వాడే ఆ రేవు కింద పోయింది. "మా ఇంట్లో సెప్పుకునే మాటలేనండి ఇయన్నీ. పుస్తకంలోకెక్కాయని నాకు తెలీదండి," అని అక్క చేతులు పట్టుకుని చెప్పుకుంది. పెట్టెలు బల్లల మీద అలా కూర్చునే ఉన్నాయి, ఒక్కదానికీ ఒక్క ముక్కా అందలేదు.

అప్పుడు అక్కకి జ్వరం వచ్చింది. పేజీ ఆగిపోకూడదని సువర్చలకి పట్టుదల వచ్చింది. నిజం చెప్పాలంటే ఆమెకీ సరదా పుట్టింది. సెలవు పెట్టి కూర్చుని ఒక పేజీ రాసింది. రాసి, కంప్యూటరుతో వెతికించింది. ప లేదు, ఫ లేదు, బ లేదు, భ లేదు, మ లేదు. "చూశావా, నాకూ వచ్చు!" అని గర్వంగా అనుకుని, అక్కని లేపడం ఎందుకని తనే తీసుకెళ్ళి పెట్టేసింది.

"తీరం జాలరులది, న్యాయం జాలరులది, ధైర్యం చాలక ఊరంతా తలలు వంచుకుంది" అని మొదలవుతుంది ఆ పేజీ.

ఒకసారి పైకి చదివి చూడండి. తీరం. న్యాయం. ధైర్యం. మాట చివర సున్న దగ్గర పెదవులు ఏం చేశాయి? కాగితం మీద మ లేదు, నోట్లో ఉంది! ఒకటో తరగతి పిల్లవాడికి తెలిసిన సంగతి, ఇంత పెద్ద శాస్త్రవేత్తకి తట్టలేదు. కంటితో వెతికింది గానీ నోటితో వెతకలేదు. పెట్టెకి మూడు మాటల్లో మూడు పట్లు దొరికాయి. అక్కణ్ణుంచి పేజీ మొత్తం అల్లుకుపోయింది. ఆ పూట ఆ కుర్చీలో ఉన్నది దేవకరుణ.

ఆమె ఇల్లు సోదా చేశారు. పిల్లల పాఠ్యపుస్తకాలు కూడా గోనెసంచిలో కట్టుకుపోయారు. ఆసుపత్రి వాళ్ళు సస్పెండ్ చేశారు. ఎవరిచ్చారో చెప్పమని సమితి ఆఫీసులో పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా నిలబెట్టారు. ఆమె ఎవరి పేరూ చెప్పలేదు.

జ్వరం తగ్గి లేచిన అక్క ఆ పేజీ చూసింది. ఎర్ర సిరా తీసి, మాట చివరి సున్నలన్నిటికీ గీత గీసి, కాగితాన్ని సువర్చల కంచం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అక్క తిట్టి ఉంటే బాగుండునని సువర్చలకి అనిపించింది. ఆ అన్నం ఆమె తినలేదు.

మర్నాడు జోగారావు లాబ్‌కి వచ్చాడు. తెల్లటి లాల్చీ, చేతిలో సపోటాల సంచి.

"మా తోటలోవమ్మా. అక్కగారికివ్వండి, జ్వరం పడి లేచారట."

"విషయం చెప్పండి."

"కోపం ఎందుకమ్మా? ఆ పేజీలు రాస్తున్నదెవరో నాకు తెలీదనుకున్నారా? తెలిసినా తెలీనట్టే ఉంటాను. పెద్దావిడ, ఆడమనిషి. నాకు కావలసింది మనిషి కాదు, విరుగుడు. పెదవి కలవని మాటల్ని కూడా పట్టేలా మీ యంత్రానికి నేర్పించండి. మీకు చేతనవుతుందని మీ వ్యాసంలోనే ఉంది."

"చెయ్యకపోతే?"

"పలుకు సమితి సొత్తు కదమ్మా. అక్కగారి మెళ్ళో ఉన్నదీ అంతే. నిలిపెయ్యమంటారు పైవాళ్ళు. పంతులమ్మగారిని మూగదాన్ని చెయ్యడం నాకేమైనా సరదానా చెప్పండి?" అతను లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "శుక్రవారానికి చూడండి. ఆ నర్సమ్మ సంగతి కూడా అప్పుడే చూద్దాం."

సువర్చల సపోటాలు వాచ్‌మన్‌కి ఇచ్చేసి ఇంటికి వెళ్ళింది. ఆమె చెప్పిందంతా విని అక్క నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు.

"నమూనా తుడిచెయ్యి. పీడా పోతుంది. అన్ని పెట్టెలూ గుడ్డివవుతాయి."

"నీ డబ్బీ కూడా ఆగిపోతుంది!"

"తెలుసు."

"మళ్ళీ పలక పట్టుకుంటావా? నావల్ల కాదక్కా. నేను చూడలేను."

"చూడకు. నోరు నాదా, నీదా? నా పెదవులు పెట్టి ఊరందరి పెదవులూ కాపలా కాస్తున్నావు. దేవకరుణ నా పెదవుల వల్లే దొరికింది. రాత నీది, పెదవులు నావి. ఇద్దరం కలిసి దాని కొంప కూల్చాం."

"పోనీ ఈ ఒక్కసారికి అతను చెప్పింది చేసి, నెమ్మదిగా..."

"ఛీ, నోర్ముయ్!" డబ్బీ అరవలేదు, దానికి అరవడం రాదు. అక్క కళ్ళు అరిచాయి. "నీకు నా గొంతు కావాలే. నేనక్కర్లేదు."

ఆ మాట సువర్చలకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆమె కూడా ఊరుకోలేదు. గొంతు లేనప్పుడు నువ్వెలా ఉండేదానివో నీకు గుర్తులేదా, గోడ వైపు తిరిగి పడుకున్నది నువ్వు కాదా అని నోటికొచ్చిందల్లా అనేసింది. ఆ తరవాత ఇద్దరూ ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహంగా తిరిగారు.

శుక్రవారం పొద్దున్నే సువర్చల లాబ్‌లో కూర్చుంది. జోగారావు అడిగిన విరుగుడుకి అక్క ఒప్పుకోనక్కర్లేదు. అక్క తన పేజీలన్నీ కెమెరా ముందే చదివింది, ఆ దృశ్యాలన్నీ అక్కడే ఉన్నాయి. వాటినే యంత్రానికి చూపించింది. పెదవి కలవకపోతే నాలుక ఉంది, దవడ ఉంది, చెంప ఉంది, వాటిని పట్టుకోమంది. మధ్యాహ్నానికి పలుకు నోరు విప్పింది. "అలలు ఎవరివిరా అని అడిగింది జాలరి తల్లి," అంది అక్క గొంతుతో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. సువర్చలకి ఒళ్ళు పులకరించింది. చేసిన పని ఏదైనా కానివ్వండి, పని కుదిరినప్పుడు చేసినవాళ్ళకి ఆ సంతోషం కలుగుతుంది. ఆమె దాన్ని దాచుకోలేకపోయింది.

సరిగా పనిచేస్తోందో లేదో చూద్దామని గ్రంథాలయం పెట్టెలని దానికి కలిపింది.

అక్క గొంతు లాబ్ నిండా మాట్లాడసాగింది. "ఒకటో కుర్చీ. పోటీ పరీక్షల పుస్తకం. మంచిది." "రెండో కుర్చీ. వంటల పుస్తకం. మంచిది." ఒక కుర్చీ దగ్గర ఆగింది. "కడలి ఆ రోజు కోడల్లా అలిగింది," అని చదివింది. చదివి, "కలత," అంది. "కార్డు దారుని పేరు పంపుతున్నాను." తప్పు చేసిన పిల్లని బెంచీ ఎక్కించేటప్పుడు అక్క గొంతు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది. ఆ గొంతుతో తెలుగు నేర్చుకున్నవాళ్ళు ఊళ్ళో ఎంతమంది! వాళ్ళల్లో ఎవరో ఒకరు ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని చదువుకుంటున్నారు. వాళ్ళ పంతులమ్మ గొంతే వాళ్ళని పట్టిస్తోంది.

పేరు పోకముందే సువర్చల తీగ లాగేసింది.

ఒక్క నకలు అక్క కోసం దాచుకుంటే? ఆ ఆశ కూడా కలిగింది ఆమెకి. పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకుంది కూడా. దేవకరుణ ఇంట్లో పిల్లల పుస్తకాలు కట్టుకుపోయినవాళ్ళు దీన్ని వదులుతారా? ఎక్కడ దాచినా దొరుకుతుంది, దొరికితే మళ్ళీ అదే గొంతు, అదే పని. పెన్‌డ్రైవ్ సొరుగులో పడేసి, ఇంటికి ఫోను చేసింది.

"ఏమే, ఏంటి?" అంది అక్క. పట్టలేనంత చిరాగ్గా ఉంది.

"ఏం లేదు. ఏం చేస్తున్నావ్?"

"వంకాయలు తరుగుతున్నా. నీతో నాకేం మాటలు?"

"ఊరికే. ఏదో ఒకటి మాట్లాడక్కా."

"వేళాకోళంగా ఉందా? శుక్రవారం కదూ ఇవాళ? ఆ లాల్చీవాడికి నువ్వు సలాం కొట్టి వచ్చావంటే ఈ ఇంట్లో అడుగు పెట్టనివ్వను. నువ్వూ వద్దు, నీ డబ్బీ వద్దు. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు, ఏడిస్తే అన్నీ దొరుకుతాయనుకుంటావు. ఇంటికి రా, చెబుతాను నీ..."

సువర్చల ఫోను చెవికి గట్టిగా నొక్కి పెట్టుకుని, రెండో చేత్తో నమూనా చెరిపేసింది. కొత్తదీ, పాతదీ, అక్క చదివిన దృశ్యాలతో సహా అంతా. తిట్టు సగంలో ఆగిపోయింది. అవతల గోడ గడియారం చప్పుడు మాత్రం వినపడింది. ఆమె చాలాసేపు ఆ ఫోను పెట్టెయ్యలేదు.

స్కూటరు తీస్తుండగా జోగారావు ఫోను చేశాడు. "ఏం చేశావే నువ్వు? పెట్టెలన్నీ చచ్చాయి! జైల్లో పెట్టిస్తాను నిన్ను!" మొదటిసారి ఆ మనిషి నోట అమ్మా అన్న మాట రాలేదు. ఆమెకి అదొక్కటే హాయిగా అనిపించింది. పెట్టించుకో అని చెప్పి ఫోను కట్టేసింది. దారిలో గ్రంథాలయం ముందు నుంచే వెళ్ళింది. లోపల జనం ఎప్పట్లాగే తలలు వంచుకుని చదువుకుంటున్నారు. వాళ్ళకింకా ఏమీ తెలీదు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క హాల్లోకి వచ్చి నిలబడింది. డబ్బీ మెడలో లేదు, బల్ల మీద పడేసి ఉంది. సువర్చల వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి బావురుమంది.

"తుడిచేశానక్కా. అంతా పోయింది. నీ గొంతు పోయింది. నన్ను తిట్టు. ఏదో ఒకటి అను."

అక్క పెదవులు కదిలాయి. ఏదో గట్టిగానే అంటోంది. సువర్చల కళ్ళు తుడుచుకుని చూసింది. పెదవులు కలిశాయి, విడిపోయాయి. ప అంటోందా, బ అంటోందా, మ అంటోందా? మూడూ ఒకేలా ఉన్నాయి.

"పాడుతోందా? ఎవరక్కా పాడుతోంది?"

అక్క నుదురు కొట్టుకుంది. మళ్ళీ అదే మాట అంది, చెయ్యెత్తి వంటింట్లోకి చూపించింది. అప్పుడు సువర్చల ముక్కుకి వాసన తగిలింది. మాడుతోంది! కూర మాడుతోందని ఇందాకట్నుంచీ చెబుతోంది అక్క. లోకంలో అందరి పెదవులూ చదివే యంత్రం చేసిన మనిషికి, ఇన్నేళ్ళు కళ్ళెదుట ఉన్న అక్క పెదవులు చదవడం రాదు. ఒక్కనాడూ నేర్చుకోలేదు. అవసరమేముంది, డబ్బీ ఉందిగా!

అక్క ఆమెని పక్కకి తోసి వెళ్ళి పొయ్యి కట్టేసింది. నల్లబడ్డ మూకుడు ఎత్తి చూపిస్తూ ఇటు తిరిగి తిట్లు లంకించుకుంది. చప్పుడు లేదు గానీ ఆగడం లేదు. పలక గూట్లోనే ఉంది, ఆవిడ దానివైపు చూడనైనా చూడలేదు.

సువర్చల దగ్గరగా వెళ్ళి, అక్క మొహంలోకి చూస్తూ నిలబడింది.

"మళ్ళీ చెప్పక్కా," అంది. "కొంచెం మెల్లిగా."